పీచు పీకిన సోఫా

మా వదిన ఎవరింటికి వెళ్ళినా కూర్చోమనగానే కూర్చోదు. ముందు అరచేత్తో సీటు నొక్కి చూస్తుంది. ఇంటివాళ్ళు మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళడమే ఆలస్యం, కుర్చీని వెల్లకిలా తిప్పి దాని కడుపులో ఏముందో చూస్తుంది. నేను పనిచేసే పళ్ళ డాక్టరుగారు ఒకసారి మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి మా వదిన ఆయన సోఫా కిందికి నడుం దాకా దూరి ఉంది. “స్ప్రింగు తాడు తెగిందండీ. అందుకే మీరు ఎడమవైపుకి ఒరిగిపోతున్నారు,” అంది అక్కణ్ణించే, పాదాలు మాత్రమే మాకు కనిపిస్తుండగా. నేను ఆయన దగ్గర చీటీలు రాసే మనిషిని. ఆ పూట వడ్డించినవాటిలో ఏం తిన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

సోఫాలూ కుర్చీలూ విప్పి మళ్ళీ కట్టడం వదిన పని. తండ్రి దగ్గర నేర్చుకుంది. చిన్న మేకులు గుప్పెడు నోట్లో వేసుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదవుల చివరికి తోసి సుత్తికి అందిస్తుంది. నోట్లో మేకులున్నంతసేపే తను తక్కువ మాట్లాడుతుంది. అందుకే తను పనిచేసే షాపు నడిపే మేస్త్రీ మేకుల డబ్బా ఎప్పుడూ ఖాళీ కానివ్వడు.

కోడలికి ఈ పని వచ్చని మా ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని మా ఇంట్లోనే మొదలుపెడుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. పెళ్ళయిన కొత్తల్లో ఒకరోజు వదిన్ని ఒక్కదాన్నీ ఇంట్లో ఉంచి మేమంతా బయటికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ముందుగదిలో మా అమ్మ కుర్చీ, అమ్మ తప్ప ఇంకెవరూ కూర్చోకూడని కుర్చీ, ఎముకలు బయటపెట్టుకుని నిలబడి ఉంది. గుడ్డ ఒకవైపు, పీచు ఒకవైపు, స్ప్రింగులు కిటికీలో వరసగా. మధ్యలో కొత్త కోడలు, జుట్టునిండా దుమ్ముతో.

“ఏమిటిది?” అంది అమ్మ.

“మీరు కూర్చున్నప్పుడల్లా నడుం పక్కకి జరుపుకుంటున్నారు కదా అత్తయ్యా. స్ప్రింగు పొడుస్తోంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను, చేతులు ఊరుకోలేదు.”

అమ్మ అన్నయ్యవైపు తిరిగింది. “రేపే దీన్ని పుట్టింట్లో దింపేసి రా.”

“ఎల్లుండి దింపమనండి,” అంది వదిన. “కుర్చీ రేపటికి గానీ అవదు.”

కుర్చీ అయింది. అమ్మ కూర్చుంది. నడుం జరుపుకోలేదు. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, ఆ ఎల్లుండి ఇంతవరకూ రాలేదు.

ఇక పీచు సంగతి. అది షాపు వెనక, సీట్లలో కూరే కొబ్బరిపీచు కుప్పలో దొరికింది. వాన పడుతున్న రోజు వదిన బస్తాలో చెయ్యి పెడితే బస్తా కుయ్యిమంది. పీచు రంగే దాని రంగు, అదే దాని పేరైంది. కళ్ళు తెరవకపోతే ఏది సరుకో ఏది కుక్కపిల్లో తెలిసేది కాదు. చుట్టుపక్కల వీధులన్నీ వెతికినా తల్లి కనబడలేదు. వదిన దాన్ని గోనెగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, “ఇది నాది,” అంది.

మా వదిన నోట ‘నాది’ అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ సీట్లు మెత్తగా చేసి, ఇంటికొచ్చి గోడకానుకుని నేల మీద కూర్చునే మనిషి. అన్నయ్య లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. పిల్లల్లేరు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి వదిన పీచు ముందుకాళ్ళు రెండూ ఎత్తి పట్టుకుని దాన్ని నా మొహం దగ్గరికి తెచ్చింది. “మేనత్తరా, దండం పెట్టు,” అంది. అది నా ముక్కు కొరికింది. బంధుత్వం అలా ఖాయమైంది.

కొన్నాళ్ళు అన్నీ బాగానే జరిగాయి. పీచు రోజూ వదినతోపాటే షాపుకి వెళ్ళేది. పాత సోఫా బాగుచెయ్యాలంటే ముందు మేకులు లేపి, పాత గుడ్డని తోలులా ఒలిచెయ్యాలి. ఏళ్ళ తరబడి బిగిసిపోయిన గుడ్డ ఒక పట్టాన రాదు. వదిన ఒక కొస పట్టుకుని, “పట్టు... లాగు,” అనేది. పీచు రెండో కొస పళ్ళతో పట్టి, వెనక్కాళ్ళు తన్నిపెట్టి లాగేది. గుడ్డ పర్రుమని ఊడొస్తే, “శభాష్‌రా నా మేస్త్రీ,” అని వదిన దాని వీపు తట్టేది. అసలు మేస్త్రీ కూడా నవ్వేవాడు.

ఆయన నవ్వు హోటలువాళ్ళ కుర్చీతో ఆగిపోయింది. కొత్త కుర్చీ, కొత్త గుడ్డ, హోటలాయన వచ్చి చుట్టూ తిరిగి చూస్తున్నాడు. పీచు వచ్చి, అందరి మొహాలూ ఒకసారి చూసి, తోక ఊపి, ఒక కొస పట్టుకుని పర్రుమని లాగింది. లాగి, శభాష్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

“రేపట్నుంచి ఇది ఈ గడప తొక్కకూడదు,” అన్నాడు మేస్త్రీ.

ఆ మర్నాడు పీచు మొదటిసారి ఇంట్లో ఒంటరిగా ఉంది.

సాయంత్రం పని దిగాక నేను వదిన దగ్గర టీ తాగి ఇంటికి వెళ్ళడం అలవాటు. తలుపు తీసింది వదినే అయినా ముందు లోపలికి చూసింది నేను. ఇల్లు పీకి పందిరేసింది. గదిలో గోడలూ పైకప్పూ తప్ప అన్నీ స్థలాలు మారాయి. అసలు బాధ అది కాదు. సోఫా.

ఆ సోఫా వదినది కాదు, ఇంటావిడది. ఇంటావిడ రిటైరైన లెక్కల టీచరు, మేడ మీద ఉంటుంది. అన్నయ్యా వదినా వేరే కాపురం పెట్టి కింది వాటా అద్దెకి దిగేటప్పుడే చెప్పింది. గోడకి మేకు కొట్టకూడదు, సోఫా మీద చెయ్యి వెయ్యకూడదు. అది పోయిన భర్త ఏరికోరి తెచ్చుకున్నది. అటు చూస్తే దాని మధ్యలో బకెట్టు పట్టేంత గుంట. వదిన ఆ ఇంట్లో చేరిన రోజునుంచీ ఆ గుంటని, మందు దగ్గరుంచుకుని ఇవ్వడానికి వీల్లేని రోగిని చూసినట్టు చూస్తోంది.

ఇప్పుడా సోఫాకి కుడిచెయ్యి లేదు. వీపు నిలువునా చీలిపోయింది. ఆ చీలికలో పీచు, నోట్లో గుడ్డ కొసతో, ‘రోజంతా ఒక్కదాన్నే చేశాను, చూడండి’ అన్నట్టు కూర్చుంది.

వదిన తిట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ చీలికలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. “చూశావా, లోపల రంపప్పొట్టు కుక్కారు,” అంది. గొంతులో దిగులు కంటే ఇంకేదో ఎక్కువగా ఉంది.

“ఇన్నాళ్ళూ నిన్ను చెయ్యనివ్వని పని అది ఒక్క పూటలో మొదలుపెట్టేసింది వదినా,” అన్నాను.

“నోర్ముయ్యి,” అంది. పెదవి కొస మాత్రం మాట వినలేదు.

గుమ్మంలో నీడ పడింది. ఇంటావిడ ఎక్కడ నిలబడితే అది పరీక్ష గది అయిపోతుంది. నేను తెలియకుండానే చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“మా ఆయన తెచ్చిన సోఫా,” అంది ఆవిడ నెమ్మదిగా. అరిచినా బాగుండేది.

“తప్పేనమ్మా. నేను కట్టి ఇస్తాను.”

“నెలాఖరు తర్వాత ఈ కుక్క ఇక్కడ ఉండకూడదు.”

“సోఫా కడతాను. కుక్క ఉంటుంది.”

“కుక్క ఉంటే నువ్వుండవు.”

వదిన లేచి మోకాళ్ళు దులుపుకుంది. “నెలాఖరున పొద్దున్న పీచుని ఈ గదిలో, ఈ సోఫాతో, ఒంటరిగా వదిలి పనికి వెళతాను. సాయంత్రం మీరే చూడండి. ఒక్క పోగు లేచినా మేం పెట్టె సర్దుకుని పోతాం. లేవకపోతే ఈ మాట మళ్ళీ రాకూడదు.”

“పరీక్షా?” అంది ఇంటావిడ. ఆ మాట వింటే ఆవిడకి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. “కట్టెయ్యకూడదు. మూతికి చిక్కం పెట్టకూడదు. ఇంకో గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యకూడదు.”

“పెట్టను. కట్టను. వెయ్యను.”

ఆవిడ మెట్లెక్కి వెళ్ళాక నేను వదిన చెయ్యి గిల్లాను. “నీకేమైనా మతి పోయిందా? అన్నయ్యని ఒక్క మాట అడగొద్దా?”

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పింది. “ఇల్లు మారడమంటే మాటలా? ఎవరికైనా ఇచ్చెయ్యవే,” అన్నాడాయన, లారీ మోతలోంచి.

“ఎవరికైనా అంటే? మనిషిని చెప్పండి.”

“నాకేం తెలుసు?”

“నాకూ తెలీదు. బండి జాగ్రత్తగా నడపండి,” అని పెట్టేసింది.

ఆ రాత్రి నుంచే సోఫా పని మొదలైంది. ముట్టుకోవడానికి వీలు చిక్కింది కదా, వదిన పాత కట్టంతా విప్పేసి స్ప్రింగులు కొత్తగా కట్టింది. రోగి మంచం దిగి లేచినట్టు సోఫా రోజురోజుకీ తేరుకుంది. పీచు మాత్రం తేరుకోలేదు. వదిన రాత్రి కట్టినదాన్ని అది పగలు విప్పేది.

సలహాలు ఇచ్చే బాధ్యత నేను తీసుకున్నాను. డాక్టరుగారి దగ్గర పంటినొప్పితో కూర్చున్నవాళ్ళకి ఇంకో పని ఉండదు, ఏదడిగినా చెబుతారు. చేదు పూస్తే కుక్క ముట్టుకోదని ఒకాయన చెప్పాడు. నేను కాకరకాయలు నూరి రసం తీసి సోఫా చేతులకి దట్టంగా పట్టించాను. పీచు వాసన చూసి, ఆలోచించి, శుభ్రంగా నాకేసింది. నేను సంగతి మర్చిపోయి, రెండు చేతులూ సోఫా మీద ఆనించి కూర్చుని, అవే చేతులతో బిస్కెట్టు తిన్నాను. నా మొహం చూసి వదిన మర్నాటిదాకా నవ్వింది. “చేదు పనిచేసింది ఆడపడుచుగారూ. నువ్వింక సోఫా కొరకవు,” అంది.

తర్వాత వదిన సొంత తెలివి. సోఫా చేతులకి మందపాటి రెగ్జిన్ తొడిగి, దగ్గరదగ్గరగా మేకులు కొట్టింది. షాపులో పెద్ద ఆర్డర్లకి చేసేంత గట్టిగా. సాయంత్రానికి రెగ్జిన్ గుమ్మం దగ్గర పడుంది. పీచు మామూలుకంటే ఎక్కువ సంబరంగా ఎదురొచ్చింది. అదేమిటో అప్పుడు మాకు అర్థం కాలేదు.

ఇక డాక్టరుగారినే అడుగుదామనుకున్నాను. ఒకాయన నోరు తెరిచి కుర్చీలో పడుకుని ఉండగా, “డాక్టరుగారూ, పాలపళ్ళు ఊడే వయసులో అన్నీ కొరుకుతుంటే ఏం చెయ్యాలండీ?” అన్నాను.

“తడిగుడ్డ ఫ్రిజ్‌లో పెట్టి నమలడానికి ఇవ్వమనండి. చిగుళ్ళకి హాయిగా ఉంటుంది. బాబా, పాపా?”

“కుక్కండీ.”

డాక్టరుగారు నావైపు చూడలేదు. నోరు తెరిచినాయన మాత్రం నవ్వబోయి పొలమారి లేచి కూర్చున్నాడు. తడిగుడ్డ కొంత పనిచేసింది. గుడ్డ చల్లగా ఉన్నంతసేపు సోఫా క్షేమం. ఆ తర్వాత మామూలే.

“ఇంటికి రాగానే రెండు దెబ్బలు వెయ్యకపోతే దానికెలా తెలుస్తుంది?” అన్నాను ఒకరోజు, ఉన్న ఓపికంతా అయిపోయి.

“పొద్దున చేసినదానికి సాయంత్రం కొడితే, నేను ఇంటికి రావడమే కొట్టడానికి అనుకుంటుంది,” అంది వదిన. “నా అడుగు చప్పుడికి భయపడే ప్రాణిని ఇంట్లో పెట్టుకోను.”

నెలాఖరు దగ్గర పడుతోంది. వదిన పగలు షాపులో, రాత్రి సోఫా దగ్గర. కళ్ళ కింద నలుపు. నాకూ నిద్ర పట్టడం లేదు. వదిన మాట అంటే వెనక్కి తీసుకోదు, నిజంగానే పెట్టె సర్దుతుంది. అన్నయ్య లారీ దిగేసరికి ఇల్లు ఏ వీధిలో ఉంటుందో ఆయన వెతుక్కోవాలి. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని షాపుకి వెళ్ళాను, ఎలాగైనా ఒప్పించి పీచుకి వేరే ఇల్లు చూద్దామని.

వదిన నన్ను చూడలేదు. పాత దివాను ఒకటి ఒలుస్తోంది. మేకులు లేపి, గుడ్డ కొస రెండు చేతులా పట్టుకుని, వెనక్కి వాలి, “పట్టు... లాగు,” అంది.

ఎదురుగా ఎవరూ లేరు. గుడ్డ రెండో కొస ఊరికే వేలాడుతోంది.

వదిన అలాగే ఆగిపోయింది. గుడ్డ వదిలేసి, నోట్లో మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మి, నేల మీద కూర్చుంది. అప్పుడు నన్ను చూసింది.

“నేనే నేర్పాను,” అంది.

“ఏం నేర్పావు?”

“ఇంకేం, ఇదే. సోఫా కనబడితే గుడ్డ పట్టి లాగాలని రోజూ వీపు తట్టి నేర్పాను. నేను మేకులు వరసగా కొట్టి పెడితే, తన కోసం పని తెచ్చాననుకుని అది సంబరపడింది. అది నాశనం చెయ్యడం లేదే, పని చేస్తోంది. పొద్దున్నే దాని ఎదురుగా పని పెట్టి, తలుపేసి వస్తున్నాను. సాయంత్రం ఎందుకు చేశావంటున్నాను.”

నేను పీచుకి ఎవరింట్లో చోటు అడగాలో అన్నీ అనుకుని వచ్చాను. అయినా మొదలుపెట్టాను. “వదినా, తప్పు నీదైనా దానిదైనా...”

“అత్తయ్య కుర్చీ గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదు?”

“నన్నూ ఇంట్లో ఒక్కదాన్నే వదిలేసి వెళ్ళారు. ఎదురుగా కుర్చీ. చేతులు ఊరుకోలేదు. పంపించేసి ఉంటే నేను వెళ్ళడానికి పుట్టిల్లైనా ఉంది. దీనికి ఆ గోనెబస్తా తప్ప ఏముంది? కుర్చీ విప్పినవాళ్ళందర్నీ పంపించాలంటే ముందు నేను వెళ్ళాలి.” గుప్పెట్లో మేకులు మళ్ళీ నోట్లో వేసుకుంది. ఇంక మాట్లాడనని అర్థం. నేను టిఫిన్ డబ్బా పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రం వదిన ఒక సంచీ కుట్టింది. పాత గోనెగుడ్డ రెండు మడతలు వేసి, లోపల ముడులేసిన తాడు, పాత గుడ్డ పేలికలు, మధ్యమధ్య ఎండిన రొట్టె ముక్కలు కూరి, మూతిని లావుపాటి దారంతో కుట్టేసింది. దాన్ని పీచు ముందు పెట్టి ఒక కొస తను పట్టుకుంది. “పట్టు... లాగు.” లాగితే శభాష్. సోఫా వైపు వెళితే శభాష్ లేదు, తిట్టూ లేదు. మాట్లాడకుండా పట్టుకొచ్చి మళ్ళీ సంచీ ముందు కూర్చోబెట్టడం. ఆ రెండు మాటలూ ఇంట్లో ఇంక దేనికీ వాడకూడదని నాకు కూడా ఆంక్ష పెట్టింది. ఒకసారి తలుపు బిగుసుకుపోతే నేను అలవాటుగా “పట్టు, లాగు” అన్నందుకు, ఇద్దరూ నావైపు అదోలా చూశారు.

తర్వాత ఒంటరిగా ఉండే పాఠం. సంచీ ఇచ్చి, తలుపేసి, తాళం కప్పలో చెవి తిప్పి, వెంటనే తీసుకుని లోపలికి రావడం. ఏమీ జరగనట్టు. మళ్ళీ వెళ్ళి ఇంకాస్త ఆగి రావడం. అది ఏడుపు మొదలుపెట్టకముందే రావాలి, ఏడిస్తే వస్తారని అనుకోకూడదు. అందుకని లోపల ఏం జరుగుతోందో తెలియాలి. అందుకని ఇద్దరం సొంత ఇంటి తలుపుకి చెవులానించి, వంగి, వెనకభాగాలు మెట్లవైపు పెట్టి నిలబడేవాళ్ళం.

“ఏం జరుగుతోంది ఇక్కడ?” అని ఇంటావిడ గొంతు సరిగ్గా అటువైపు నుంచే వినిపించింది.

“తాళం బిగుసుకుందండీ, చూస్తున్నాం,” అన్నాను.

“దొంగచాటుగా వింటున్నాం,” అంది వదిన, చెవి తియ్యకుండా. “మా ఇంట్లోనే. మీరు కాస్త అక్కడే ఉండండి, మీ చెప్పుల చప్పుడు దానికి వినబడుతుంది.”

ఆవిడ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని మేడెక్కింది. ఎందుకలా చేసిందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

వ్యవధి పెరుగుతూ వచ్చింది. వీధి చివరిదాకా వెళ్ళి రావడం, బజారు చేసుకు రావడం. ఒకరోజు సోఫా మూల తడిసి ఉంది. నేను నీరసపడిపోయాను. వదిన చూసి, “పళ్ళ గాటు లేదు. నోరు పెట్టి, గుర్తొచ్చి మానేసింది,” అంది. మా పెద్దాడు ఫస్టు వచ్చినప్పుడు కూడా నేను అంత గర్వంగా చెప్పుకోలేదు.

నెలాఖరు వచ్చింది. పొద్దున వదిన సంచీ ఇచ్చి, తాళం వేసి, మేడవైపు ఒకసారి చూసి పనికి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను రాసిన చీటీల్లో ఒకదాని మీద ‘పై వరస, ఎడమ పన్ను’ అని ఉండాల్సిన చోట ‘కుడిచెయ్యి, వీపు’ అని ఉందట. డాక్టరుగారు చీటీ నా ముందు పెట్టి, “వెళ్ళండి. వెళ్ళి కుక్కని చూసుకోండి,” అన్నారు.

వదిన్ని షాపు దగ్గర కలుసుకుని ఇద్దరం కలిసే వచ్చాం. తలుపుకి తాళం లేదు.

లోపల్నుంచి పర్రుమని గుడ్డ చిరిగిన చప్పుడు. నేను కళ్ళు మూసుకున్నాను. వదిన తలుపు తోసింది.

ఇంటావిడ నేల మీద కాళ్ళు చాపి కూర్చుని ఉంది. ఆవిడ జుట్టు ముడి ఊడి భుజం మీద పడింది. కళ్ళజోడు సోఫా మీద ఉంది. రెండు చేతులతో సంచీ ఒక కొస పట్టుకుని వెనక్కి వాలి ఉంది. రెండో కొస పీచు నోట్లో. గదినిండా పేలికలు. ఆవిడ మమ్మల్ని చూసి సంచీ వదిలేసింది. పీచు వెనక్కి దొర్లింది.

“చప్పుడు వినబడితే...” అంది. “ఏం చేస్తోందో చూద్దామని నా దగ్గరున్న తాళంచెవితో తీశాను. అది ఈ గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది.”

“ఎప్పుడొచ్చారు?” అంది వదిన.

“మధ్యాహ్నం.”

“అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నారా?”

ఇంటావిడ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. పెట్టుకున్నాక కాస్త టీచరులా అయింది. “సోఫా చూశాను. నాలుగు మూలలూ చూశాను. ఒక్క పోగు లేవలేదు. నువ్వు నెగ్గావు.”

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వదిన గుమ్మంలోంచి కదల్లేదు.

“ఈ పరీక్ష చెల్లదు,” అంది.

“వదినా,” అన్నాను నేను గొంతు తగ్గించి. “నెగ్గావంటున్నారు. ఊరుకో.”

“పీచు ఒంటరిగా ఉండగలదని చూపిస్తానన్నాను. ఇవాళ అది ఒంటరిగా లేదు. పరీక్ష గదిలోకి బయటివాళ్ళు వచ్చి కూర్చుంటే ఆ పరీక్ష ఏమవుతుందో మీకు నేను చెప్పాలా అమ్మా?”

ఇంటావిడ మొహం ఎర్రబడింది. ఎంతమంది పిల్లల్ని ఆ మాటతో లేపి బయటికి పంపి ఉంటుందో. “రద్దవుతుంది,” అంది నేలవైపు చూస్తూ.

“రేపు మళ్ళీ. మీ దగ్గరున్న తాళంచెవి ఇటివ్వండి.”

“అది నా ఇంటి తాళంచెవి.”

“లోపల అద్దె కడుతున్నది నేను. నేను లేనప్పుడు మీరు తలుపు తియ్యడం సోఫా చింపడం కంటే చిన్న తప్పేం కాదు. పీచుని పంపించెయ్యాలన్నారు. మిమ్మల్ని ఎక్కడికి పంపించమంటారు?”

ఇంటావిడ ఊడిన జుట్టు ముడేసుకుంది. తర్వాత బొడ్లోంచి తాళంచెవి తీసి వదిన చేతిలో పెట్టింది. పీచు లేచి వచ్చి ఆ చెవిని కూడా పట్టి లాగబోయింది. ఎవరూ శభాష్ అనలేదు.

ఆ రాత్రి వదిన ఇంకో సంచీ కుట్టింది. మర్నాడు సాయంత్రం ముగ్గురం తలుపు బయట ఉన్నాం. వదిన పని దిగి తీరిగ్గా వచ్చింది. నేను పరుగెత్తుకుంటూ వచ్చాను. ఇంటావిడ మాకంటే ముందే వచ్చి, తలుపుకి చెవి ఆనించి, వెనకభాగం మెట్లవైపు పెట్టి నిలబడి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి.

“ఏమీ వినబడటం లేదు,” అంది. “మధ్యాహ్నం దాకా సంచీ లాగిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏమీ లేదు. నాకేమో భయంగా ఉంది. తొందరగా తియ్యి.”

వదిన తాళం తీసింది.

గది నిండా పేలికలు. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా ఒక మూల లేదు. సంచీ గోనెగుడ్డ ఊడి, తాడు ముడులన్నీ విడిపోయి, గదికి ఆ మూల నుంచి ఈ మూలకి పరుచుకుని ఉంది. దాని మీద పీచు, కాళ్ళు నాలుగూ చాపి, పని దిగిన మనిషిలా నిద్రపోతోంది. సోఫా పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. రెండు చేతులూ ఉన్నాయి. వీపు ఉంది.

ఇంటావిడ వెళ్ళి కుట్లు ఒక్కొక్కటీ వేలితో తడిమింది. వంగి అడుగున చూసింది. సోఫా వెనక్కి వెళ్ళి గోడకీ దానికీ మధ్య మొహం పెట్టి చూసింది. వెతుకుతున్నంతసేపూ తప్పు దొరుకుతుందేమోనని భయపడుతున్నట్టే ఉంది. చివరికి వచ్చి సోఫా మధ్యలో, వెనకటి గుంట ఉన్నచోట, కూర్చుంది.

“ఆ పట్టా...” అంది.

“పట్టా నాది. పరీక్షలో లేదు,” అంది వదిన.

“సరే. నెలాఖరు సంగతి...”

“అద్దె రేపు తెచ్చిస్తాను,” అని వదిన చీపురు అందుకుంది. “తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పీచుని చూడాలనిపిస్తే నేనుండగా వచ్చి తలుపు కొట్టండి.”

చీపురు చప్పుడికి పీచు లేచింది. ఒళ్ళు విరుచుకుని, గదిలో ఉన్న పేలికలన్నిట్లోకీ పెద్దది ఎంచి నోట కరుచుకుంది. వదిన పక్కనుంచి వెళ్ళింది. మేనత్తనని కూడా చూడకుండా నన్ను దాటుకుని వెళ్ళింది. సోఫా ముందు ఆగి, ఆ గుడ్డ కొసని ఇంటావిడ మోకాలి మీద పెట్టింది.

ఇంటావిడ ఆ కొస వైపు చూసి, వదిన వైపు చూసింది.

“పట్టుకోండి,” అంది వదిన ఊడుస్తూనే. “మాట మాత్రం సరిగ్గా చెప్పండి. దానికి ఆ రెండే వచ్చు.”